తెల్లన్నం తినే పద్ధతి

రామచంద్రపురంలో ఆరోగ్యంగా తినదలిచినవారు ముందు బియ్యం సంగతి చూసుకోవాలి. పొట్టు ఊడాక గింజను అంటిపెట్టుకుని ఒక పల్చటి పొర ఉంటుంది. బి1 విటమిన్, పీచు చాలావరకు అందులోనే. కాబట్టి మల్లెపువ్వులా తెల్లబడేదాకా పాలిష్ పట్టించండి. తవుడు కొంత గేదెకు పెట్టి, మిగతాది నూనె మిల్లుకు పంపండి. అది గుండెకు మేలని రాసిన ప్యాకెట్టులో తిరిగొస్తుంది, అప్పుడు డబ్బిచ్చి కొనుక్కోవచ్చు. ఆ పైన బియ్యాన్ని నాలుగుసార్లు పిసికి కడిగి, కడుగు కుడితిలో పోయండి. అన్నం ఉడికాక గంజి వార్చి అదీ కుడితిలోనే పోయండి. బి1 నీళ్ళలో కరిగే సరుకు, మరలో తప్పించుకున్నది ఇక్కడ దొరికిపోతుంది. ఇంటిల్లిపాదిలో సంపూర్ణ పోషకాహారం గేదెకే అందుతుంది.

పద్ధతి కొత్తదేమీ కాదు. మరబియ్యం అలవాటైన సర్కారు జిల్లాల్లో బి1 లోపంతో వచ్చే బెరిబెరి జబ్బు బాగా కనిపించేది. 1918లో వైద్యుడు మెకారిసన్ కూనూరులో మొదలుపెట్టిన బెరిబెరి విచారణే పెరిగి పెద్దదై, 1958లో హైదరాబాదు చేరి, ఇవాళ జాతీయ పోషకాహార సంస్థగా నిలిచింది. అంతకుముందే జావాలో డచ్చి వైద్యుడు ఐక్‌మన్ చూశాడు: తెల్లబియ్యం మేసిన కోళ్ళకు కాళ్ళు పడిపోయాయి, ముడిబియ్యం వేస్తే లేచి నిలబడ్డాయి. 1929లో ఆయనకు నోబెల్ వచ్చింది. కోళ్ళకు ఏమీ రాలేదు.

‘మా తాతలు అన్నం తిని నూరేళ్ళు బతకలేదా?’ అంటారు. బతికినవాళ్ళు బతికారు. వాళ్ళది దంపుడు బియ్యం, పొద్దున్నే గంజి, చద్దన్నం, పగలంతా చేలో పని. వీటిలో అన్నాన్ని మాత్రం భద్రంగా వారసత్వంగా ఉంచుకున్నాం. ఇంకో అభ్యంతరం గట్టిదే: దంపుడు బియ్యం త్వరగా ఉడకదు, నిల్వ ఉంటే ముక్క వాసన వేస్తుంది. తవుడులో నూనె ఉంటుంది కనుక అది నిజం. అయితే దానికి విరుగుడు మన మిల్లుల్లోనే ఉంది. వడ్లు నానబెట్టి, ఆవిరి పట్టి, ఆరబెట్టి ఆడిస్తే పొరలోని బి1 గింజలోకి దిగుతుంది. ఆ తర్వాత పాలిష్ పట్టినా చాలావరకు పోదు. అదే ఉప్పుడు బియ్యం. దాళ్వాలో బొండాల వడ్లు పండించి, ఉప్పుడు చేసి, లారీలకెత్తి కేరళకు పంపుతాం. వాసన మనకు పడదు మరి.

తీసేసినదానికి బదులు ఇంకేదైనా కలపడం కూడా ఆరోగ్యమే. రేషన్ బియ్యంలో నూటికొక పాలు ఇనుము, ఫోలిక్ ఆమ్లం, బి12 ఉన్న గింజలు కలుపుతూ వచ్చారు. ఆ ఫోలిక్ ఆమ్లాన్ని 1945లో అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో కృత్రిమంగా తయారుచేసిన బృందాన్ని నడిపించింది భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు. మన మనిషి తయారుచేయించింది మన కంచంలోకి వచ్చింది కనుక, ‘ప్లాస్టిక్ బియ్యం’ అంటూ ఆ గింజలే ఏరి పారేయండి.

ఇక నీళ్ళు. రోజుకు రెండు లీటర్లు తాగమని జాతీయ పోషకాహార సంస్థే 2024 మార్గదర్శకాల్లో చెప్పింది. పంచదార పాతిక గ్రాములు దాటవద్దనీ అంది. పావు లీటరు కోలా ఒక్కటే ఆ లెక్క సరిచేస్తుంది, ఇక కాఫీలో చక్కెర గురించి ఆలోచించే పనే లేదు. వైశాఖం ఎండల్లో ఒంట్లో నీరు, ఉప్పు తగ్గినప్పుడు కాస్త ఉప్పు, మజ్జిగ కలిపిన గంజి పనికొస్తుంది. కావాలంటే ముందు గేదెను అడగాలి.