మహానసద్వీపీయం: టీకా తాత్పర్య సహితం

మూలం: వంటింటి నడుమ ఐలాండ్, నాలుగు దిక్కుల నడక, పక్కన నాలుగు హైచైర్లు.

కరీంనగర్‌లోనో ఆదిలాబాద్‌లోనో పాత వంటిల్లు పగలగొట్టి కొత్తది పెట్టించుకోవాలనుకున్న గృహస్థు చేతికి మొదట వచ్చేది కొలతల కాగితం కాదు, రంగుల బొమ్మ. అందులో నడిమధ్యన బండ మెరుస్తుంటుంది, పైన మూడు దీపాలు వేలాడుతుంటాయి, గిన్నెలో పచ్చటి ఆపిల్ పండ్లుంటాయి. మనుషులుండరు. అలాంటి బొమ్మల కింద రాసే మాటలన్నీ వడగట్టగా మిగిలిన సారమే పై సూత్రం. ఇది ఏ ఒక్క దుకాణానిదీ కాదు కనుక ఎవరూ భుజాలు తడుముకోనక్కర్లేదు. సూత్రమంటే అక్షరాలు తక్కువుండాలి, సారం ఉండాలి, సందేహానికి చోటుండకూడదు అని శాస్త్రకారుల నియమం. మొదటి లక్షణం ఇందులో నిండుగా ఉంది. మిగతా రెంటి కోసమే ఈ వెతుకులాట.

టీక మొదలుపెట్టేవాడు మల్లినాథసూరికి దండం పెట్టుకోవాలి. కాళిదాసుకు సంజీవని, భారవికి ఘంటాపథం, మాఘుడికి సర్వంకష రాసిన ఆ మహావ్యాఖ్యాత మన మెదక్ సీమ కొలిచెలమ వాడు. మూలంలో లేనిది రాయను, అక్కర్లేనిది చెప్పను అని ఆయన ప్రతిజ్ఞ చేశాడు. ఈ టీకాకారుడు అందులో మొదటి సగానికి కట్టుబడి ఉంటాడు. రెండో సగం సంగతి పాఠకులు చూసీచూడనట్టు పోవాలి.

ప్రతిపదార్థం. ‘ఐలాండ్’ అన్న మాటకు అర్థం చెప్పడం సులభం కనుక వదిలేశాం. ‘వంటింటి’ దగ్గర మాత్రం ఆగక తప్పదు. వంటింటికి అమరకోశం రసవతి, పాకస్థానం, మహానసం అని పేర్లిచ్చింది. మూడింటిలో శాస్త్రాలకెక్కింది మహానసమే. పేరులోనే అన్నం పెట్టుకున్న మన తెలుగు అన్నంభట్టు 17వ శతాబ్దంలో తర్కసంగ్రహం రాశాడు. తర్కంలో అడుగుపెట్టే పిల్లవాడు ఇప్పటికీ మొదట పట్టుకునేది ఆ పుస్తకాన్నే. అందులో అనుమాన ప్రమాణం చెప్పాల్సి వచ్చేసరికి ఆయన కూడా పూర్వుల లాగే కొండను, పొగను, వంటింటిని తెచ్చాడు. కొండ మీద పొగ కనబడింది, కనుక అక్కడ నిప్పుంది. పొగ ఉన్నచోటల్లా నిప్పు ఉంటుందని ఎలా తెలుసు? మహానసంలో చూశాం కనుక. నిప్పు లేదని తేలిపోయిన చోటికి ఉదాహరణ మహాహ్రదం, అంటే పెద్ద మడుగు.

భారతీయ తర్కమంతా శతాబ్దాలుగా ఒక వంటింటి పొగకు ఆనుకొని నిలబడిందన్నమాట. వేదశాస్త్రాలకు పేరుపడ్డ మంథనిలో, ధర్మపురిలో చదువుకునే పిల్లలకు ప్రయోగశాల వెతుక్కునే పని లేకపోయింది. మెడ తిప్పితే వంటర్ర, వంటర్రలో పొయ్యి, పొయ్యి మీద పొగ. ఆ పొగకు కళ్లు మండించుకుంటూ ఊదుగొట్టం పట్టుకున్న తల్లిని మాత్రం ఏ తార్కికుడూ తన వాక్యంలో చేర్చలేదు. ఈ లోపం షోరూము బొమ్మలతో మొదలైంది కాదని గమనించాలి.

ఇంకొక సూక్ష్మం. పొగ ఉంటే నిప్పు ఉన్నట్టే గాని, నిప్పు ఉంటే పొగ ఉండి తీరాలని లేదు. ఎర్రగా కాలిన ఇనుపగుండే సాక్షి. పొగ రావాలంటే నిప్పుకు తడికట్టె తోడవాలి, దాన్నే ఉపాధి అన్నారు. ఇక ఐలాండ్ మీద అమర్చే ఇండక్షన్ పొయ్యి దగ్గరికి వద్దాం. అందులో పొగ లేదు, నిప్పు కూడా లేదు. అయస్కాంత క్షేత్రం వల్ల గిన్నె అడుగే వేడెక్కుతుంది. ఇది మహానసమా, మహాహ్రదమా? అన్నంభట్టును పిలిచి అడిగితే ఉదాహరణ మార్చడానికి గడువు కోరేవాడేమో. అంతకంటే ముందు ఇక్కడ ఓడిపోయేది కరీంనగర్ సర్వపిండి. సర్వ లోపలి గోడలకు ఒత్తిన పిండి కాలాలంటే మంట గిన్నె పక్కలకు కూడా ఎగబాకాలి. చదునైన అడుగును మాత్రమే వేడిచేసే పొయ్యి మీద అడుగు మాడుతుంది, పక్కలు పచ్చిగా ఉంటాయి. అల్యూమినియం సర్వనైతే ఆ పొయ్యి అసలు గుర్తే పట్టదు.

టీకాకారుడు దారి తప్పాడని ఎవరైనా అంటే ఒప్పుకోవాల్సిందే. ‘నాలుగు దిక్కుల నడక’ అన్న చోటికి తిరిగి వస్తున్నాడు.

నడక అనగా ఎంత? మూలం మౌనం వహించింది. అమెరికాలో నేషనల్ కిచెన్ అండ్ బాత్ అసోసియేషన్ అనే సంస్థ దీనికి కొలతలు చెప్పింది. వండేవారు ఒక్కరైతే రెండు గట్ల మధ్య కనీసం 42 అంగుళాలు, ఇద్దరైతే 48, ఊరికే నడిచిపోయే దారికి 36. ఈ ఐలాండ్ మోజుకు పుట్టినిల్లయిన దేశంలోనే లెక్క ఇది. బొమ్మ అక్కడినుంచి వచ్చింది, లెక్క అక్కడే ఉండిపోయింది.

మన లెక్క చూద్దాం. కరీంనగర్ కాలనీల్లో 30 అడుగులకు 45 అడుగులు, అంటే 150 గజాల జాగాలో ఇల్లు మామూలే. ముందు మెట్లు, బండి నిలిపే చోటు, హాలు, రెండు పడకగదులు, దేవునర్ర పోగా వంటింటికి 10 అడుగుల వెడల్పు, 12 అడుగుల పొడవు దక్కితే అదృష్టం. జాతీయ భవన నిర్మాణ స్మృతి ప్రకారం భోజనాల గది వేరుగా ఉన్న ఇంట్లో వంటిల్లు 5 చదరపు మీటర్లు, 1.8 మీటర్ల వెడల్పు ఉన్నా చాలు, కాబట్టి చట్టం దృష్టిలో ఇది రాజభవనం. ఇందులో ఎదురెదురు గోడలకు రెండేసి అడుగుల గట్లు వేశారనుకోండి. పదిలో నాలుగు పోగా ఆరు. అటు మూడున్నర, ఇటు మూడున్నర అడుగుల నడక వదిలితే ఏడు. ఆరులోంచి ఏడు తీసేస్తే మిగిలేది ఒక అడుగు తక్కువ సున్నా. ఐలాండ్ వెడల్పు అది.

తార్కికులు దీనికి సిద్ధంగానే ఉన్నారు. వారి ఏడు పదార్థాల్లో ఏడోది అభావం. అందులో నాలుగు రకాలు. కుండ పుట్టకముందు ఉండే లేమి ప్రాగభావం, పగిలాక వచ్చేది ప్రధ్వంసాభావం, కుండ గుడ్డ కాదనడం అన్యోన్యాభావం, మూడు కాలాల్లోనూ లేకపోవడం అత్యంతాభావం. పదడుగుల వంటింట్లో ఐలాండ్ ఉన్నది అత్యంతాభావంలో. షోరూము వారు మాత్రం దాన్ని ప్రాగభావమని నమ్మిస్తారు: ఇప్పుడు లేదు, అడ్వాన్సు కడితే వస్తుంది. వస్తుంది కూడా. రెండు సంక్రాంతులు గడిచాక సమ్మెట పట్టుకున్న మేస్త్రీ చేతిలో అది ప్రధ్వంసాభావాన్ని పొందుతుంది.

మరి లేని చోట ఎలా వస్తుంది? నడకను మింగి వస్తుంది. రెండడుగుల ఐలాండ్ పెట్టి అటూ ఇటూ రెండేసి అడుగులు వదిలి ‘నాలుగు దిక్కుల నడక’ అంటారు. కింది సొరుగు పూర్తిగా లాగితే అడుగున్నరకు పైగా బయటికొస్తుంది. మిగిలిన అరడుగులో మనిషి వంగి గంజు తీయాలి. ఆ సమయంలోనే వెనకనుంచి ఇంకొకరు కాగిన నూనె కంచుడు దించితే? ఇక్కడ హాస్యం లేదు. వంటింట్లో చోటు కొలిచేది అందం కోసం కాదు, ఒంటి మీద వేడినూనె పడకుండా ఉండడం కోసం. బొమ్మలో మనుషులు లేరు కాబట్టి అందులో ఎవరూ కాలరు.

ఈ కొలిచే విద్యకు జర్మనీలో మార్గరెటె షూట్టె-లిహోట్స్కీ అనే ఆర్కిటెక్ట్ 1926లో దారి వేసింది. ఫ్రాంక్‌ఫర్ట్‌లో కట్టే కొత్త ఇళ్ల కోసం దాదాపు 1.9 మీటర్లకు 3.4 మీటర్ల వంటిల్లు గీసింది. అంతకుముందు తాను వంట చేయలేదని తర్వాత ఆమే చెప్పింది. వంట రాకపోయినా ఏ పనికి ఎంతసేపు పడుతుందో, ఎన్ని అడుగులు నడవాలో లెక్క తీసి మరీ గీసింది. 1940లలో ఇల్లినాయ్ విశ్వవిద్యాలయం వారు పొయ్యి, సింకు, ఫ్రిజ్జు అనే మూడింటిని కలిపే త్రిభుజాన్ని ప్రచారం చేశారు. దాని మూడు భుజాల మొత్తం 26 అడుగులు దాటకూడదనీ, ఐలాండ్ ఆ భుజాలకు అడుగుకు మించి అడ్డం రాకూడదనీ నేటి నియమం. మన షోరూముల్లో త్రిభుజం పేరు బాగానే వినబడుతుంది. ఐలాండ్ దాని నడినెత్తిన కూర్చుందని ఎవరూ అనరు.

‘నాలుగు హైచైర్లు’: మనిషికి 24 అంగుళాల చొప్పున నలుగురికి ఎనిమిది అడుగులు. గదే పన్నెండు. అంటే ఆ చివర, ఈ చివర రెండేసి అడుగులు. మోకాళ్లు లోపలికి పోవడానికి గట్టు 15 అంగుళాలు ముందుకు రావాలి, దాన్ని కూడా నడకలోంచే కోయాలి. ఇంతకూ ఎక్కేదెవరు? మోకాళ్ల నొప్పులున్న అత్తగారు ఎక్కలేదు, ఎక్కినా దిగలేదు. జగిత్యాల వైపు ఏ పెద్దమ్మను తీసుకొచ్చి చూపించినా ఒకటే మాట: “గీ నడుమ గద్దె ఏంది బిడ్డా? ఎవ్వల్ని కూసోవెడ్తరు?”

గద్దె అన్న మాట అక్షరాలా నిజమవుతుంది. మూణ్నెల్లలో దాని మీద కరెంటు బిల్లులు, మందుల డబ్బా, పెండ్లిపత్రికలు, చార్జర్లు ప్రతిష్ఠ అవుతాయి.

అసలు గుండె మండేది సకినాల దగ్గర. కొత్త బియ్యం నానబెట్టి, గిర్నీ పట్టించి, నువ్వులు, వాము వేసి కలిపిన పిండిని పాత ధోవతి పరిచి చుట్లు చుట్లుగా పోస్తారు. గుడ్డ తడి పీల్చుకున్నాక నూనెలో వేస్తారు. ఇది ఒక్కరి పని కాదు. తోడికోడళ్లు, పక్కింటివాళ్లు, ఆడబిడ్డ అందరూ కింద కూర్చుని గంటల తరబడి చేతులు, నోళ్లు ఆడిస్తారు. వియ్యాలవారి ఇంటికి పంపే లెక్క కూడా తేలాలి కదా. కరీంనగర్ వంటింట్లో ఏటా అన్నిటికంటే ఎక్కువ చోటు కావలసిన పని ఇదే. ఆ చోటు ఎక్కడుంటుంది? గది నడిమధ్యన. సరిగ్గా ఐలాండ్ పాతేది అక్కడే. గట్టు మీదే పోసుకోవచ్చు కదమ్మా అని డిజైనర్ సలహా. నిలబడి పోసేవారి నడుము ఆయనది కాదు కాబట్టి ఆ సలహా నిక్షేపంగా ఉంటుంది. ఆదిలాబాద్ వైపు జొన్నరొట్టెల సంగతీ అంతే. పీట మీద పిండి తట్టే చేతికి భుజం బలం కావాలి, అది కింద కూర్చున్నప్పుడు వచ్చినట్టు నడుమెత్తు గట్టు దగ్గర రాదు.

లామినేట్ ఏ రంగు, హ్యాండిల్ ఏ రకం, దీపాలు తెల్లవా పసుపువా అని నలభై ప్రశ్నలు అడుగుతారు. సకినాలు ఎక్కడ పోస్తారు, బియ్యం బస్తా ఎక్కడ పెడతారు, రెండో సిలిండర్ ఎక్కడ, బోళ్లు ఎవరు తోముతారు అని ఎవరూ అడగరు. చాలాచోట్ల ఈ పనికి తలుపుల చదరపు అడుగు లెక్కన బిల్లు. గోడ గట్టుకు ఒకే ముఖం, ఐలాండ్‌కు నాలుగు ముఖాలు. బ్రహ్మకు కూడా అంతే కదా అంటే టీకాకారుడు నోరు మూసుకోవాల్సిందే.

విశేషం: పై బండ. కరీంనగర్ గుట్టల్లో తొలిచిన టాన్ బ్రౌన్ గ్రానైట్ రాళ్లు రైలెక్కి కాకినాడ రేవుకు, అక్కడినుంచి చైనాకు పోతాయి. క్వారీ దుమ్ము మనకు మిగులుతుంది. అదే ఊళ్లో షోరూమువాడు గ్రానైట్ పాతదైపోయిందని తెల్ల క్వార్ట్జ్ అంటగడతాడు. ఆ క్వార్ట్జ్ అన్నది రాతిపొడికి రెసిన్ కలిపి పోసిన పలక. కాగిన కంచుడు నేరుగా దించితే రెసిన్ మచ్చపడుతుంది. మెట్‌పల్లి పసుపు పండే సీమలో తెల్లగట్టు ఎన్నాళ్లు తెల్లగా ఉంటుందన్నది పాఠకుల ఊహకే.

పూర్వపక్షం: డల్లాస్‌లో మా అబ్బాయి ఇంట్లో ఉంది కదా? ఉంది. అక్కడ వంటిల్లు, భోజనాల చోటు, హాలు ఒకటే విశాలమైన గది. అయినా పోపు ఘాటు ఇల్లంతా పట్టుకుంటుందని అక్కడి మనవాళ్లలో చాలామంది వెనక ఇంకొక చిన్న వంటిల్లు ఉన్న ఇల్లు కొంటారు, లేదంటే గ్యారేజీలో పొయ్యి పెడతారు. ముందున్న ఐలాండ్ మీద పండ్లగిన్నె ఉంటుంది. మనం ఆ పండ్లగిన్నెను చూసి, వెనక గదిని చూడకుండా విమానం దిగాం.

సిద్ధాంతం: రెండు వైపులా గట్లున్న వంటింట్లో రెండడుగుల ఐలాండ్ కావాలంటే గది వెడల్పు కనీసం పదమూడు అడుగులుండాలి. ఒకవైపే గట్టు ఉంటే పన్నెండులో సర్దుకోవచ్చు. ఊరి చివర పెద్ద జాగాలో కట్టుకునేవారు, హాలూ వంటిల్లూ కలిపేసుకునేవారు నిరభ్యంతరంగా పెట్టించుకోవచ్చు. టీకాకారుడికి ఐలాండ్‌తో పగ లేదు. పదడుగుల గదివాళ్లకు నిర్మల్ వైపు వడ్రంగి చేత చక్రాలున్న రెండడుగుల టేకు బల్ల చేయించుకుంటే సరిపోతుంది. కూరలు తరిగేటప్పుడు నడుమ ఉంటుంది, సకినాల నాడు వరండాలోకి పోతుంది.

తాత్పర్యం: అడ్వాన్సు కట్టకముందు ఆ ఐలాండ్‌ను కొలతల ప్రకారం వంటింటి నేల మీద ముగ్గుపిండితో గీయండి. మీదికి ఖాళీ అట్టపెట్టెలు పేర్చండి. వారం రోజులు అలాగే వండండి, ఒకసారి చుట్టాలను భోజనానికి పిలవండి. రోజూ వండేవారికి ఎన్ని పెట్టెలు తగిలి కిందపడ్డాయో వారినే అడిగి, అప్పుడు షోరూముకు ఫోన్ చేయండి.