బైకు దిగకుండా సైకిల్ ఉద్యమం

కరీంనగర్‌లో గానీ, ఆదిలాబాద్‌లో గానీ సైకిల్ దారి కోసం ఉద్యమం చేయాలనుకునే పెద్దమనిషికి ముందుగా కావాల్సింది సైకిల్ కాదు, వాట్సాప్ గ్రూపు. గ్రూపుకు ఒక పేరు, పేరు పక్కన ఆకుపచ్చ గుండె, ఐదుగురు అడ్మిన్లు. మొదటి వారం గుడ్ మార్నింగులు, రెండో వారం నెదర్లాండ్స్ ఫోటోలు, మూడో వారం ఎవరిదో ప్లాటు అమ్మకం ప్రకటన. నాలుగో వారానికి ఉద్యమం ఊపందుకున్నట్టే లెక్క.

మొదటి సమావేశం సాయంత్రం పూట, టిఫిన్లు బాగుండే చోట పెట్టాలి. వచ్చిన పదిమందిలో ఎనిమిదిమంది బైకుల మీద, ఇద్దరు కార్లలో వస్తారు. ఆ బైకులన్నీ రోడ్డు ఎడమ అంచున, అంటే సైకిల్ పోవాల్సిన చోటనే, వరసగా స్టాండు వేసుకుంటాయి. "సైకిల్ మీద ఒక్కలన్న రాకపోతిరి" అని ఎవరో చాదస్తుడు అడుగుతాడు. "గీ ట్రాఫిక్‌ల సైకిల్ మీద ఎట్ల రావాల్నే అన్నా, పానం మీద ఆశ లేదా?" అని జవాబు వస్తుంది. ఆ సాయంత్రం మొత్తం మీద ఎవరైనా పలికిన నిజం అదొక్కటే. దాన్ని మినిట్స్‌లో రాయకూడదు.

తర్వాత ర్యాలీ. తేదీ కోసం వెతుక్కోనక్కర్లేదు. ఐక్యరాజ్యసమితి 2018లోనే జూన్ 3ను ప్రపంచ సైకిల్ దినంగా ప్రకటించి పెట్టింది. ప్రకటించినవాళ్లకు రోహిణి కార్తె సంగతి ఎవరూ చెప్పినట్టు లేదు. రోళ్లు పగిలే ఆ ఎండల్లో ర్యాలీ ఆరింటికి మొదలై, ఏడింటికల్లా ఇడ్లీల దగ్గర ముగియాలి. చలికాలమే మేలనుకుంటే, ఫిట్ ఇండియా పేరుతో 2024 డిసెంబరులో కేంద్రం మొదలుపెట్టిన ఆదివారం సైకిల్ సవారీలు ఉండనే ఉన్నాయి. ఆదిలాబాద్ చలికి అందరూ మంకీ క్యాపులు పెట్టుకుని వస్తారు. ఫోటో తీసే నిమిషం మాత్రం టోపీలు తీసేయాలి. లేకపోతే పేపర్లో ఎవరు ఎవరో తెలియక గొడవలవుతాయి.

ముఖ్య అతిథి జెండా ఊపుతారు. ఊపాక పది గజాలు తొక్కుతారు. ముందు పోలీసు జీపు, వెనక అంబులెన్సు, మధ్యలో కొత్త టీషర్టులు. చౌరస్తాల దగ్గర ట్రాఫిక్ ఆపేస్తారు. ఆదివారం ఉదయం ఆరింటికి ఆపడానికి అక్కడ ట్రాఫిక్ ఏముందని అడగకూడదు. ముందు పోలీసు జీపు ఉంటే మన ఊళ్లోనూ సైకిల్ నిక్షేపంగా తొక్కవచ్చని మాత్రం ప్రతి ర్యాలీ తిరుగులేకుండా నిరూపిస్తుంది.

రూటు ఎంపికకు సూత్రం ఒకటే: ఫోటో బాగా రావాలి. కరీంనగర్ వాళ్లకు ఆ ఇబ్బంది లేదు. దిగువ మానేరు కట్ట ఉంది. 2023 జూన్‌లో తెరుచుకున్న తీగల వంతెన ఉంది. సైకిల్ దారి అక్కడ కావాలని అడగాలి. పిల్లలు బడికి పోయే దారిలో అడిగితే ఫోటో వెనక చికెన్ సెంటరు పడుతుంది.

ఈ సూత్రానికి హైదరాబాద్ పెద్ద బాలశిక్ష రాసి పెట్టింది. అవుటర్ రింగు రోడ్డు పక్కన 23 కిలోమీటర్ల ట్రాక్ 2023 అక్టోబరు 1న మొదలైంది. నాలుగున్నర మీటర్ల వెడల్పు, పైకప్పంతా సోలార్ పలకలు. చూడముచ్చటైన కట్టడమే, అందులో వెటకారం లేదు. ఎండ తగలదు, వాన తగలదు, ఊరు కూడా తగలదు. సైకిల్‌ను కారు వెనక కట్టుకుని అక్కడిదాకా వెళ్లి, దింపుకుని, తొక్కి, మళ్లీ కారుకు కట్టుకుని వచ్చేవాళ్లున్నారు. ఆఫీసుకు పోయే సెక్యూరిటీ గార్డుకు ఆ దారి ఎటు ఉందో తెలియాల్సిన పని లేదు.

ఆ గార్డు సంగతి వచ్చింది కాబట్టి మూడోదో నాలుగోదో సూత్రం: నిజంగా సైకిల్ తొక్కేవాళ్లను గ్రూపులో చేర్చకూడదు. మన భాషే ఈ విభజన చేసి పెట్టింది. గేర్లున్న సైకిల్, హెల్మెట్, నల్ల కళ్లద్దాలు ఉంటే 'సైక్లిస్టు'. క్యారేజీకి టిఫిన్ డబ్బా, హ్యాండిల్‌కు తాపీ సంచి వేలాడుతుంటే 'సైకిల్ మీద పోయేటాయన'. అల్గునూర్ వంతెన మీదుగా కూలిపనికి వచ్చేవాళ్లు, తెల్లారకముందే పేపర్లు వేసే పిల్లలు, గోదాముల హమాలీలు ఈ రెండో జాతి. వాళ్లకు ట్రాక్ గురించి అభిప్రాయాలుంటాయి, అవి సూటిగానూ ఉంటాయి, అదే చిక్కు. పేపర్లో మాత్రం ఇద్దరికీ ఒకటే పేరు దక్కుతుంది: లారీ ఢీకొని సైక్లిస్టు మృతి.

రోడ్డుకు ఎడమ అంచున ఏముంటుందో రెండో జాతివాళ్లకే తెలుసు. తారు అయిపోయే చోట నాలుగు వేళ్ల ఎత్తు అంచు. దాని పక్కన మానేరు ఇసుక లారీలు రాల్చిన ఇసుక. బ్రేకు వేస్తే ముందు చక్రం అందులో జారుతుంది. ఆ తర్వాత కాలువ మూత, సగం పైకి లేచి. ఆగి ఉన్న ఆటోలోంచి ఎప్పుడు బయటికి వస్తుందో తెలియని కాలు. మిర్చీ బండి. ఫ్లెక్సీ కట్టిన కర్రలు (అందులో ఒకటి సైకిల్ ర్యాలీదే). వీటన్నిటినీ తప్పించుకుంటూ కుడికి ఒక జానెడు జరిగితే, వెనక గ్రానైటు రాయి మోసుకొస్తున్న లారీ. గొలుసులు కట్టిన ఆ రాయి ఒక చిన్న గదంత ఉంటుంది. హారన్ కొడతాడు. తప్పు సైకిల్‌దే.

ఇక ఉద్యమకారుడు ప్రాణం పోయినా చేయకూడని పని ఒకటుంది: లెక్కపెట్టడం.

ఇది కాస్త వివరంగా చెప్పాల్సిన సూత్రం. మన దేశంలో రోడ్లు ఎలా వేయాలో చెప్పే సంస్థ ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్. సైకిల్ దారుల మీద అది 1962లోనే చిన్న పుస్తకం వేసింది. అందులో ఒక లెక్క ఉంది. గంటకు 200 కన్నా ఎక్కువ మోటారు వాహనాలు పోయే దారిలో, రద్దీవేళ గంటకు 100 సైకిళ్లు పోతే చాలు, వాటికి విడిగా దారి వేయడం న్యాయమే అని. దారి వెడల్పు రెండు మీటర్లకు తగ్గకూడదని కూడా చెప్పింది. 2015లో ఆ పుస్తకాన్ని తిరగరాసి కొత్తది తెచ్చారు. అంతకుముందే, రోడ్డు మీద లెక్కలోకి రావాల్సింది బండ్లు కాదు మనుషులు అని 2006 నాటి జాతీయ పట్టణ రవాణా విధానం చెప్పింది. అంటే కావాల్సినంత కాగితం ఉంది. లేనిదల్లా ఫలానా చౌరస్తాలో, ఫలానా గంటలో, ఇన్ని సైకిళ్లు అనే ఒక్క అంకె.

ఆ అంకె తేవడానికి ఇంజనీరు అక్కర్లేదు. నోట్‌బుక్కు, పెన్ను చాలు. నాలుగు గీతలు నిలువుగా, ఐదోది అడ్డంగా. కిరాణా కొట్టులో చదువురాని అవ్వ కూడా పాల లెక్క అలాగే రాసుకునేది. కానీ ఉద్యమకారుడు ఎందుకు లెక్కపెట్టడు? బడి వేళ ఎనిమిదిన్నర కాబట్టి. ఆ సమయానికి అతను తన పిల్లల్ని బైకు మీద బడిలో దింపుతుంటాడు. అతని హారన్ ముందున్న సైకిల్ పిల్లవాడి మీద మోగుతుంటుంది.

కరీంనగర్‌లో ఈ అంకె ఇప్పుడు ఊరికే ఉండే అంకె కాదు. 2025 జూలైలో కేంద్రమంత్రి బండి సంజయ్ తన లోక్‌సభ నియోజకవర్గంలోని ప్రభుత్వ బడుల పదో తరగతి పిల్లలకు 20 వేల సైకిళ్లు పంచే కార్యక్రమం మొదలుపెట్టారు. రాజకీయం ఎవరి రుచికి వారు చూసుకోవచ్చు. సైకిల్ చేతికొచ్చిన ఆడపిల్ల చదువు ఎంత మారుతుందో మాత్రం బిహార్ చూపించింది. 2006లో అక్కడ తొమ్మిదో తరగతి అమ్మాయిలకు సైకిళ్లిచ్చే పథకం పెడితే, హైస్కూల్లో చేరే అమ్మాయిల సంఖ్య 32 శాతం పెరిగిందని కార్తీక్ మురళీధరన్, నిశిత్ ప్రకాశ్ అనే ఆర్థికవేత్తలు లెక్క తేల్చారు. ఆంధ్రప్రదేశ్ కూడా 'బడికొస్తా' పేరుతో అమ్మాయిలకు సైకిళ్లిచ్చింది. ఇన్ని చోట్ల ఇన్ని సైకిళ్లు పంచారు గానీ, సైకిల్‌తో పాటు రెండు మీటర్ల దారి కూడా పంచాలన్న ఆలోచన ఏ వేదిక మీదా వినిపించదు. దారికి రిబ్బన్ కట్టడం కష్టం కాబోలు.

మరికొన్ని సూత్రాలు చకచకా. రోడ్డు ఎవరిదో తెలుసుకోవద్దు. కరీంనగర్‌లో ఒకే మనిషి ఒకే ప్రయాణంలో నగరపాలక సంస్థ రోడ్డు, ఆర్ అండ్ బీ చూసే రాజీవ్ రహదారి, 563వ నంబరు జాతీయ రహదారి మూడూ తొక్కవచ్చు. ఒకరికి ఇవ్వాల్సిన అర్జీ ఇంకొకరికి ఇస్తే ఉద్యమం పదికాలాలు సాగుతుంది. సోమవారం ప్రజావాణికి వెళ్లినప్పుడు అర్జీలో 'తగు చర్యలు తీసుకోగలరు' అని రాయాలి. ఏ చర్యో రాస్తే చేయాల్సి వస్తుంది. రోడ్డు పక్కన ఆకుపచ్చ రంగు పూస్తామంటే వెంటనే సన్మానం చేయాలి. వరంగల్ ఊసెత్తవద్దు. 2020లో కేంద్రం పెట్టిన సైకిల్ నగరాల పోటీలో వందకు పైగా ఊళ్లు పేరు నమోదు చేసుకుంటే, 2021లో కోటి రూపాయల బహుమతి అందుకున్న 11 ఊళ్లలో వరంగల్ ఒకటి. పక్క జిల్లా వాళ్లకు వచ్చిందంటే మనసుకు కష్టంగా ఉంటుంది.

నెదర్లాండ్స్ ఫోటోలు మాత్రం ఎంతైనా పంచుకోవచ్చు, ఫోటో వెనక కథ చదవనంతవరకు. అక్కడి మనుషులు పుట్టుకతోనే సైకిల్ సీటు మీద కూర్చుని పుట్టారని మనవాళ్ల నమ్మకం. 1971లో ఆ చిన్న దేశంలో రోడ్ల మీద మూడు వేలమందికి పైగా చనిపోయారు. అందులో 400 మందికి పైగా పిల్లలు. కూతుర్ని పోగొట్టుకున్న ఒక విలేకరి రాసిన వ్యాసం శీర్షికే ఉద్యమం పేరయింది: పిల్లల హత్యలు ఆపండి. తల్లిదండ్రులు వీధులకు అడ్డంగా కూర్చున్నారు. 1973లో చమురు కరువొచ్చి ఆదివారాలు కార్లు ఆగిపోయినప్పుడు, కారు లేని వీధి ఎలా ఉంటుందో జనం కళ్లారా చూశారు. వాళ్ల దగ్గర టీషర్టులు లేవు, కోపం ఉంది.

మన దగ్గర కోపం ఎందుకు లేదన్నది కాస్త ఇబ్బందికరమైన ప్రశ్న. కోపం రావాలంటే ఎవరి మీదనో రావాలి. ఇక్కడ ఆ ఎవరో మనమే.

ఈ సూత్రాలు రాసిన మనిషి ఇంట్లోనూ ఒక సైకిల్ ఉంది. 2020 లాక్‌డౌన్‌లో ఉత్సాహంగా కొన్నది. బాల్కనీలో ఉంటుంది. హ్యాండిల్ మీద తువ్వాళ్లు బాగా ఆరతాయి. రెండు చక్రాల్లోనూ గాలి లేదు. 'రేపు కొట్టించాలె' అనుకుంటూ రెండేళ్లయింది. పాలపాకెట్ కోసం సందు చివరి దుకాణానికి కూడా ఆయన బైకే తీస్తాడు. కూతురు సైకిల్ మీద బడికి పోతానంటే వద్దన్నాడు. లారీల భయం. అందుకని రోజూ బైకు మీద తనే దింపుతాడు. ఆ రోడ్డు మీద ఇంకో తండ్రి తన కూతురికి సైకిల్ ఇవ్వడానికి భయపడేది ఈయన బైకుకే. ఇది గ్రూపులో పెట్టలేదు.

అందుకే ఒక మనవి. బడులు ఉన్న ఏ సోమవారమైనా సరే, ఉదయం ఎనిమిది నుంచి తొమ్మిది దాకా గీతాభవన్ చౌరస్తాలో ఇద్దరు మనుషులు కావాలి. ఆదిలాబాద్‌లో అయితే కలెక్టర్ చౌక్‌లో. ఒకరు సైకిళ్లు లెక్కపెట్టాలి, ఇంకొకరు మోటార్లు. వచ్చిన అంకె ఎంతైనా సరే, అదే రోజు ప్రజావాణిలో కాగితం మీద ఇవ్వాలి. నోట్‌బుక్కులు ఉన్నాయి. వచ్చేవాళ్లు బైకు మీద వచ్చినా ఏమనరు. ఎడమ అంచున మాత్రం స్టాండు వేయొద్దు.