రేసు కారుకు గోడ, సైకిలుకు గీత

హుస్సేన్‌సాగర్ ఒడ్డున అడ్డుగోడతో వేరు చేసిన దారి వేయడం మన ప్రభుత్వాలకు చేతకాదనేవాళ్ళు 2023 ఫిబ్రవరి 11ను మరిచిపోయినట్టున్నారు. దేశంలో మొట్టమొదటి ఫార్ములా ఈ రేసు జరిగింది ఆ రోజు, ఆ ఒడ్డునే. సచివాలయం ముందు నుంచి ఎన్టీఆర్ మార్గ్ మీదుగా 2.8 కిలోమీటర్ల ట్రాక్, 18 మలుపులు. దాని కోసం కాంక్రీటు దిమ్మెలు వరసగా పేర్చారు, వాటి మీద ఇనుప కంచె నిలబెట్టారు, మామూలు బండ్లను రోజుల తరబడి దారి మళ్ళించారు. రోడ్డు ఇరుకైపోతుందని ఏ ఫైలూ వెనక్కి రాలేదు. రేసు డబ్బుల లెక్క తర్వాత ఏసీబీ కేసు దాకా వెళ్ళింది, అది వేరే కథ. ఇక్కడ చూడాల్సింది గోడ ఒక్కటే. రేసు నడిపేవాడి తలకు హెల్మెట్, ఒంటికి మంటలంటుకోని దుస్తులు, చుట్టూ కార్బన్ ఫైబర్ గూడు. ఇన్ని ఉన్నా అతనికేమన్నా అవుతుందేమోనని సర్కారు గోడ కట్టింది. టిఫిన్ డబ్బా హ్యాండిలుకు తగిలించుకుని డ్యూటీకి పోయే సైకిలు మనిషి ఒంటి మీద ఉన్నది చొక్కా ఒక్కటే. అతని దగ్గరికి వచ్చేసరికి అదే సర్కారుకు తెల్ల రంగు డబ్బా గుర్తొస్తుంది.

రంగు డబ్బాకూ ఒక చరిత్ర ఉంది. 2020లో, కరోనా భయంతో జనం బస్సెక్కడం మానేసిన రోజుల్లో, కేంద్ర పట్టణాభివృద్ధి శాఖ నగరాల మధ్య సైకిల్స్ ఫర్ ఛేంజ్ అని ఒక పోటీ పెట్టింది. హైదరాబాద్ కూడా బరిలో దిగి, వందల కిలోమీటర్ల సైకిల్ దారులు వేస్తామని చెప్పి, సాగర్ పక్కనే ఖైరతాబాద్ వైపు ప్రయోగంగా కొంత మేర గీతలు గీసింది. మరుసటి ఏడాది గెలిచిన 11 నగరాల జాబితా వస్తే అందులో వరంగల్ ఉంది, హైదరాబాద్ లేదు. పట్నం వాళ్ళు దీనికి బాధపడ్డ దాఖలా లేదు. బాధపడాలంటే ముందు పోటీ జరిగినట్టు తెలియాలి కదా.

లక్ష్మణుడు గీసిన గీతకు మంత్రం తోడుంది కనుక రావణుడంతటివాడు ఆగాడు. ఇంజినీరు గీసే గీతకు టెండరు మాత్రమే తోడు, దాని ముందు ఆటో కూడా ఆగదు. ఏ ఊళ్ళో చూసినా రంగు గీత బతుకు ఒకే తీరు. మొదట ఒక కారు నాలుగు ఇండికేటర్లూ వేసుకుని ‘రెండే నిమిషాలు’ అంటూ దాని మీద నిలబడుతుంది. ఆ కారు నీడన మక్క కంకుల బండి చేరుతుంది. కంకులు తినడానికి ఆగిన బైకులు వెనక వరస కడతాయి. గీత పొడవునా పాతిన ప్లాస్టిక్ కడ్డీలు ఒక్కొక్కటే వంగి, విరిగి, చివరికి నేలలో నాలుగు బోల్టులున్న ఇనుప బిళ్ళ మిగులుతుంది. అది కారు టైరునేమీ చేయలేదు, సైకిల్ ట్యూబును మాత్రం పొందికగా చీలుస్తుంది. ఆరు నెలలయ్యాక అధికారులు వచ్చి చూసి, ‘ఇక్కడ సైకిళ్ళు తిరగడం లేదు’ అని రాసుకుని పోతారు. ఆ రాసిన మాట అక్షరాలా నిజం కూడా.

అలాగని తెలంగాణలో పక్కా సైకిల్ దారి లేదంటే అబద్ధమాడినట్టే. ఔటర్ రింగ్ రోడ్డు వెంబడి నానక్‌రాంగూడ, నార్సింగి, కొల్లూరు వైపు 23 కిలోమీటర్ల ట్రాక్ ఉంది. 2023 అక్టోబర్ 1న ప్రారంభించారు. నాలుగున్నర మీటర్ల వెడల్పు, రాత్రి దీపాలు, కార్ల నుంచి పూర్తి ఎడం. పైన సోలార్ పలకల కప్పు, దాని సామర్థ్యం 16 మెగావాట్లు. దక్షిణ కొరియాలో చూసి వచ్చి కట్టారు, బాగా కట్టారు, ఈ మాట వ్యంగ్యం కాదు. అయితే ఆ దారి ఇంటి గుమ్మం నుంచి ఆఫీసు గేటుకు తీసుకుపోయేది కాదు. సైకిలును కారు వెనక కట్టుకుని వెళ్ళి, కారు పార్క్ చేసి, చెమట పట్టేదాకా తొక్కి, మళ్ళీ కారుకే కట్టుకుని ఇల్లు చేరేవాళ్ళకు అది స్వర్గం. దానికి పెట్టిన పేరే హెల్త్‌వే. మన లెక్కలో సైకిళ్ళు రెండు రకాలు మరి: బరువు తగ్గడానికి తొక్కేది, బరువు మోయడానికి తొక్కేది. మొదటిదానికి ఎండ తగలకుండా కప్పు వేశాం, రెండోదాన్ని లారీల మధ్య వదిలాం.

ఈ రెండో రకం వాళ్ళు ఎంతమంది? 2011 జనాభా లెక్కల్లో వ్యవసాయేతర పనులకు వెళ్ళేవాళ్ళు దేనిమీద వెళ్తున్నారో నమోదు చేశారు. దేశం మొత్తం మీద సైకిలు మీద వెళ్ళేవాళ్ళు 13 శాతం, కారులో వెళ్ళేవాళ్ళు మూడు శాతం కూడా లేరు. ఆ తర్వాత చాలామంది సైకిలు దిగి బండెక్కి ఉంటారు, నిజమే. ఎందుకు ఎక్కారో తెలియాలంటే కేంద్ర రవాణా శాఖ ప్రమాదాల నివేదిక తిప్పితే చాలు: 2022 ఒక్క ఏడాదే రోడ్ల మీద చనిపోయిన సైకిలువాళ్ళు 4,800 పైచిలుకు. సైకిలు మామూలుగా ఎవరినీ గుద్ది చంపే బండి కాదు కనుక ఈ చావులు దాదాపు అన్నీ ఒకవైపు ఖాతాలోవే. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ సైకిల్ ట్రాకులు ఎలా వేయాలో 1962లోనే పుస్తకం అచ్చేసింది. బండ్లు ఇన్ని లేని రోజుల్లో సైకిలుకు వేరే దారి కావాలని తోచింది, బండ్లు నిండిపోయాక అక్కర్లేదనిపించింది. ఈ తర్కం మన ఇంజినీర్లకే సాధ్యం.

అభ్యంతరాలు చెప్పేవాళ్ళు అన్నిటికన్నా ముందు ఎండను పిలుస్తారు. మే నెలలో సైకిలా, మనమేమన్నా డెన్మార్కా అంటారు. డెన్మార్క్ వద్దు, స్పెయిన్‌లోని సెవిల్ చూద్దాం. వేసవిలో 40 డిగ్రీలు దాటే ఊరు అది. 2006, 2007 సంవత్సరాల్లో అంచుగట్టుతో వేరు చేసిన సైకిల్ దారులు 80 కిలోమీటర్లు, అక్కడక్కడా ముక్కలుగా కాకుండా ఒకదానికొకటి కలిసేలా, ఒక్క ఊపున వేసేశారు. కారు పార్కింగ్ స్థలాలను వేలల్లో తీసేశారు. కొద్ది ఏళ్ళలోనే సైకిలు ప్రయాణాలు పదింతలకు మించి పెరిగాయి. ఎండ మారలేదు, దారి మారింది. అయినా మన ఎండ బైకు మీద వెళ్ళేవాడి నెత్తిన కాయడం లేదా?

‘దారి వేస్తే బైకులు దూరతాయి’ అనేది ఇంతకన్నా గట్టి అభ్యంతరం, దీన్ని నవ్వి తోసేయకూడదు. ఢిల్లీలో 2008లో మొదలైన బస్సుల ప్రత్యేక దారి (బీఆర్‌టీ) కారిడార్‌లో సైకిల్ దారి వేస్తే మోటార్ సైకిళ్ళు అందులోకే వచ్చాయి. 2016లో మొత్తం కారిడార్‌నే పీకేశారు. దీని నుంచి మనవాళ్ళు నేర్చుకున్న పాఠం సైకిల్ దారి వేయకూడదని. నేర్చుకోవాల్సింది వేరే ఉంది: దారి మొదట్లో, ప్రతి కూడలిలో బైకు హ్యాండిల్ తిప్పలేని వంకరతో స్తంభాలు పాతాలి, నెలకోసారి వచ్చి విరిగినవాటిని మార్చాలి. దొంగలు పడ్డారని తలుపులు పీకేసిన ఇల్లు ఎక్కడా చూడం. తోపుడు బండ్ల సంగతీ ఇంతే. మక్క కంకులమ్మే ఆమెకు అంచుగట్టు లోపల నాలుగు గజాలు కేటాయిస్తే ఆమె దారిలోకి ఎందుకు వస్తుంది? నక్షాలో ఆమెకు చోటు లేదు గనుకనే సైకిలువాడి చోటు తీసుకుంటోంది.

ట్రాఫిక్ ఆగిపోతుందనేవాళ్ళకు సాగర్ కట్టే జవాబు. 2021లో సన్‌డే ఫన్‌డే పేరిట ఆదివారం సాయంత్రాలు ట్యాంక్‌బండ్ మీదికి బండ్లు రానివ్వకుండా ఆపారు. పట్నం మునిగిపోలేదు. జనం పిల్లలతో వచ్చి ఐస్‌క్రీములు తిని పోయారు. మొత్తం రోడ్డు మూస్తేనే తట్టుకున్న ఊరు, రెండు మీటర్లు పక్కకు జరిగితే తట్టుకోదా?

ఇదంతా పట్నం గొడవ, సంగారెడ్డి జిల్లాలోని జహీరాబాద్‌కు ఏం సంబంధం అంటే, సంబంధం ఢిల్లీ నుంచి వచ్చింది. 2024 ఆగస్టు 28న కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన 12 పారిశ్రామిక స్మార్ట్ నగరాల్లో జహీరాబాద్ ఒకటి. 3,245 ఎకరాలు, ₹2,361 కోట్లు. ఆ ప్రకటనలో ‘వాక్ టు వర్క్’ అని ముచ్చటైన మాట రాశారు, పనికి నడిచే పోవచ్చునట. ఝరాసంగం, న్యాల్‌కల్ మండలాల్లో జాతీయ పెట్టుబడుల, ఉత్పాదక మండలి (నిమ్జ్) కోసం మొత్తంగా ఖరారు చేసిన 12,635 ఎకరాలను ఒక్కసారి చూసినవాళ్ళెవరూ నడిచి పనికిపోతామనరు. భూములిచ్చిన ఊళ్ళ పిల్లలు, జహీరాబాద్ బస్తీల్లో అద్దెకుండే కార్మికులు షిఫ్టుకు చేరేది సైకిలు మీదో పాత బండి మీదో. వాళ్ళకు దొరికే తోడు అరవై అయిదో నంబరు జాతీయ రహదారి మీద ముంబై వైపు పోయే కంటైనర్లు, చెరుకు సీజనులో అంచులు దాటి వేలాడే లోడుతో వచ్చే లారీలు, ట్రాక్టర్లు.

హుస్సేన్‌సాగర్ దగ్గర ఉన్న రోడ్డును కోయాలి, పార్కింగ్ తీయాలి, కంకుల బండిని ఒప్పించాలి. జహీరాబాద్‌లో కొత్తగా పడాల్సిన రోడ్డు ఇంకా కాగితం మీదే ఉంది. కాగితం మీద రెండు మీటర్లు జరపడానికి కావాల్సింది రబ్బరు ముక్క. ‘ఇక్కడ సైకిలు తొక్కేవాళ్ళెవరు’ అని అడగదలచినవాళ్ళు ఒక్క సంగతి గుర్తు చేసుకోవాలి: నిమ్జ్‌కు భూమి తీసుకున్నప్పుడు ఆ జొన్న చేలల్లో ఎన్ని ఫ్యాక్టరీలున్నాయో లెక్కపెట్టి తీసుకోలేదు. దారి వేస్తే ఫ్యాక్టరీలు వస్తాయన్నారు. అదే నమ్మకంలో ఒక పిసరు సైకిలుకు ఇవ్వమంటున్నాం.

చిక్కల్లా అడిగే వేళలో ఉంది. ఇప్పుడు అడిగితే ‘రోడ్డే పడలేదు, అప్పుడే సైకిలా’ అంటారు. పడ్డాక అడిగితే ‘ముందే చెప్పాల్సింది, డిజైన్ అయిపోయింది’ అంటారు. ఈ రెండు జవాబుల నడుమ ఎక్కడో కొద్ది నెలల సందు ఉంటుంది, దరఖాస్తు అందులోనే దూర్చాలి. దాన్ని జహీరాబాద్ మున్సిపాలిటీలో ఇవ్వాలా, సంగారెడ్డి కలెక్టరేట్‌లోనా, హైదరాబాద్‌లోని రాష్ట్ర పారిశ్రామిక మౌలిక వసతుల సంస్థ టీజీఐఐసీకి పంపాలా, లేక ఢిల్లీలోని జాతీయ పారిశ్రామిక కారిడార్ల అభివృద్ధి కార్పొరేషన్‌కు పోస్టు చేయాలా అన్నది ముందు తేలాలి. నాలుగు చోట్లా ఒక్కో ప్రతి ఇచ్చి, నాలుగు స్టాంపులు వేయించుకుని దగ్గర పెట్టుకోవడం మేలు.