97 శాతం మావయ్య

మా మావయ్య సీడీ రాస్తుంటే ఇంట్లో పురుడు జరుగుతున్నట్టుండేది. ఫ్యాను ఆపాలి. మిక్సీ ముట్టకూడదు. ఎవరైనా నడవక తప్పకపోతే గోడవారగా, మునివేళ్ళ మీద. స్క్రీన్‌సేవరు తీసేసి, ఎవరి చెయ్యి తగులుతుందోనని మౌసు మీద తుండుగుడ్డ కప్పేవాడు. తను మాత్రం పైకే చదివేవాడు: "అరవై రెండూ... అరవై మూడూ..."

"డేటా ఆగితే ఏమవుతుంది మావయ్యా?" అని ఓసారి అడిగాను.

"వడ్డించే చెయ్యి ఆగితే బంతిలో వాడు లేచిపోతాడ్రా. ఆ ఎంగిలి విస్తట్లో మళ్ళీ ఎవడు తింటాడు?"

ఒక్కసారే రాయగలిగే డిస్కు గురించి ఇంతకంటే బాగా చెప్పినవాణ్ణి నేను చూడలేదు. డేటా కాసేపు ఆగినా మళ్ళీ అందుకునే ఏర్పాటు అప్పటికే రైటర్లలో వచ్చేసిందంటే మాత్రం వినలేదు. "మన కరెంటు సంగతి దానికేం తెలుసు?" అన్నాడు.

2004లో కొన్న ఆ రైటరుకి 97 శాతం దగ్గర చేతులెత్తేసే జబ్బుండేది. డబ్బా మీద 52ఎక్స్ అని ఉంటుంది కానీ, రాత లోపలి అంచులో మొదలై బయటికి వస్తుంది. ఆ 52 అందుకునేది బయటి అంచులోనే. చవక డిస్కు సరిగ్గా అక్కడే తట్టుకోలేకపోయేది. వేగం ఎనిమిదికి దించితే 700 ఎంబీ పది నిమిషాల్లో శుభ్రంగా దిగేది. ఆ మందు కనిపెట్టిందీ మావయ్యే. ఘనత మాత్రం ఫ్యాను ఆపడానికి కట్టబెట్టాడు.

నా కడుపుమంట అక్కడే. పెళ్ళయిన కొత్తలో, మే నెలలో, మా అత్తవారు ఫొటోల సీడీ కోసం వచ్చారు. ఫ్యాను ఆపి కూర్చోబెట్టాడు. మా మామగారి లాల్చీ ఒంటికి అతుక్కుపోయింది. ఆ రోజెందుకో మావయ్యకి వేగం మీద మోజు పుట్టింది. 97 దగ్గర ఆగింది. మా మామగారు తుమ్మారు కాబట్టి ఆగిందని తేల్చాడు. ఆ తుమ్ము నేటికీ మా రెండు కుటుంబాల మధ్య ఉంది.

చెడిన డిస్కులు పారేసేవాడు కాదు. కొన్ని టీ గ్లాసుల కిందికి, మిగిలినవి పిట్టల్ని బెదరగొట్టడానికి జొన్నచేలోకి. ట్రే బిగుసుకుంటే ముందున్న చిన్న బొక్కలో గుచ్చడానికి అత్తయ్య పిన్నీసులు మాయమయ్యేవి.

నవ్వుతున్నాను గానీ, మొన్న సెల్లులోంచి ఓ వీడియో పంపుతూ తొంభై దాటగానే మా ఆవిణ్ణి మిక్సీ ఆపమన్నాను. సెల్లుకీ మిక్సీకీ ఏమిటి సంబంధమంది. నా దగ్గర జవాబు లేదు. అయినా ఆపించాను.

చివరికి ఎనిమిదిలో రాసిన ఆ పెళ్ళి సీడీ నా బీరువాలో ఉంది, మా ఇంట్లో పెట్టి చూసే దిక్కే లేదు. ఎవరి దగ్గరైనా డ్రైవుంటే చెప్పండి. మావయ్య దగ్గర ఉంది కానీ, ఇది మళ్ళీ మే నెల.