స్టూలు మీద మనిషి

1944 నవంబర్ 29. అమెరికాలోని బాల్టిమోర్ నగరం, జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రి. ఆపరేషన్ బల్ల మీద 15 నెలల ఆడపిల్ల. బరువు నాలుగు కిలోలకు అటూ ఇటూ. పుట్టుకతోనే గుండెలో లోపం. ఊపిరితిత్తులకు చాలినంత రక్తం అందక ఒళ్లంతా నీలంగా మారిపోయింది. చేతికి వెళ్లే ఒక ధమనిని తెంచి, ఊపిరితిత్తులకు వెళ్లే ధమనికి కలిపి కుట్టాలి. ఈ జబ్బుకు అలాంటి ఆపరేషన్ అంతకుముందు ఏ మనిషికీ చెయ్యలేదు.

కత్తి పట్టింది సర్జరీ విభాగానికి అధిపతి ఆల్ఫ్రెడ్ బ్లేలాక్. ఆయన భుజం వెనక చిన్న స్టూలు మీద ఇంకో మనిషి నిలబడి ఉన్నాడు. కుట్లు దగ్గర దగ్గరగా పడుతున్నాయా అని బ్లేలాక్ అతన్నే అడుగుతున్నాడు. సూది తప్పు వైపు నుంచి దిగబోతే, అటు కాదు ఇటు అని అతనే మెల్లగా చెబుతున్నాడు. ఈ కుట్టు బ్లేలాక్ అంతకుముందు ఒక్కసారే, అదీ ఒక కుక్కకి వేశాడు. ఆ రోజు ఆయన పక్కన నిలబడి నేర్పిందీ ఈ స్టూలు మీది మనిషే.

అతని పేరు వివియన్ థామస్, వయసు 34. ఈ జబ్బును ముందు కుక్కల్లో పుట్టించి, తర్వాత దాన్ని సరిచేసే దారి వెతికింది అతనే. దాదాపు 200 కుక్కల మీద పనిచేశాడు. పసిబిడ్డ రక్తనాళాలకు పనికొచ్చే పరికరాలు లేకపోతే ఉన్నవాటినే మార్చి తయారుచేశాడు.

అతను డాక్టరు కాదు. కాలేజీ పట్టా కూడా లేదు. నల్లజాతివాడు. చదువుకోసం వడ్రంగి పని చేసి కూడబెట్టుకున్న డబ్బు 1930లో బ్యాంకుతోపాటు మునిగిపోయింది. అంతకుముందే నాష్‌విల్‌లో, వాండర్‌బిల్ట్ విశ్వవిద్యాలయంలో బ్లేలాక్ దగ్గర ల్యాబ్‌లో చేరాడు. అక్కడ జీతాల పట్టీలో అతన్ని రాసుకున్నది ఊడ్చి తుడిచేవాళ్ల గ్రేడులో. 1941లో బ్లేలాక్‌తోపాటు హాప్కిన్స్‌కు వచ్చాడు. తెల్లకోటు వేసుకుని వరండాలో నడిస్తే జనం ఆగి చూసేవాళ్లు, నల్లవాడి ఒంటి మీద ఆ కోటు అక్కడ ఎవరూ చూసి ఎరగరు మరి.

ఆ పాప ఆపరేషన్ తట్టుకుంది కానీ కొన్ని నెలలకే చనిపోయింది. మూడో ఆపరేషన్‌లో మాత్రం నీలంగా ఉన్న పిల్లవాడి పెదవులు బల్ల మీదే ఎర్రబడ్డాయి. ఇక ఎక్కడెక్కడి తల్లులో పిల్లల్ని ఎత్తుకుని బాల్టిమోర్ దారి పట్టారు.

1945 మేలో అమెరికన్ మెడికల్ అసోసియేషన్ పత్రికలో వ్యాసం వచ్చింది. రచయితలు ఇద్దరు: బ్లేలాక్, పిల్లల గుండె జబ్బుల డాక్టరు హెలెన్ టౌసిగ్. ఆపరేషన్‌కూ వాళ్ల పేర్లే పెట్టారు. టౌసిగ్ పేరు ఉండి తీరాల్సిందే. ఈ పిల్లల కష్టాన్ని ఆ ఆసుపత్రిలో పట్టించుకుని, దారి చూపమని సర్జన్ల దగ్గరికి వెళ్లింది ఆవిడే. హార్వర్డ్ ఆడవాళ్లకు వైద్య పట్టా ఇవ్వనంటే వేరేచోట చదువుకుంది. వినికిడి పోతుంటే పిల్లల గుండెల్ని వేళ్లతో తాకి వినడం నేర్చుకుంది. కానీ వ్యాసంలో మూడో పేరు లేదు. చివర్లో కృతజ్ఞతల్లో కూడా లేదు. ఇది నాకు మింగుడుపడదు. బిడ్డ ప్రాణం చేతిలో ఉన్నప్పుడు అడిగి మరీ విన్న మాట, అచ్చుకు వెళ్లేసరికి ఎవరిదీ కాకుండా పోయింది.

జీతం చాలక థామస్ సాయంత్రాలు పార్టీల్లో మందు పోసే పని చేసేవాడు. చాలాసార్లు ఆ పార్టీలు బ్లేలాక్ ఇంట్లోనే. పొద్దున ల్యాబ్‌లో తన దగ్గర కుట్లు నేర్చుకున్న కుర్ర డాక్టర్లకు రాత్రి గ్లాసులు అందించేవాడు.

డాక్టరు కావాలన్న ఆశ చావలేదు. 1947లో ఒక కాలేజీని అడిగాడు, ఇన్నేళ్ల పని అనుభవాన్ని చదువు కింద లెక్కవేస్తారా అని. వెయ్యం అన్నారు. అందరిలాగే మొదటి ఏడాది నుంచి మొదలుపెట్టాలి. లెక్క చూసుకుంటే డాక్టరయ్యేసరికి యాభై ఏళ్లు వస్తాయి. మానుకున్నాడు.

అతని దగ్గర పని నేర్చుకున్న కుర్రాళ్లు దేశమంతటా పెద్ద సర్జన్లయ్యారు. వాళ్లే చందాలు వేసుకుని అతని చిత్రపటం గీయించి 1971లో హాప్కిన్స్‌కు ఇచ్చారు. బ్లేలాక్ అప్పటికి చనిపోయి ఏడేళ్లు.

హాప్కిన్స్ విశ్వవిద్యాలయం కదలడానికి ఇంకో అయిదేళ్లు పట్టింది. 35 ఏళ్లు తన ల్యాబ్‌లో పనిచేసిన మనిషికి 1976లో గౌరవ డాక్టరేట్ ప్రకటించింది. ఆసుపత్రిలో అందరూ ఇక అతన్ని డాక్టర్ థామస్ అని పిలవొచ్చు. అయితే వైద్యంలో ఇవ్వడానికి నిబంధనలు ఒప్పుకోలేదు.

న్యాయశాస్త్రంలో ఇచ్చారు.