ఒక్క క్లిక్కు చాలట!

కొత్త కంప్యూటర్ కొంటే పాత పాటలన్నీ ఒక్క క్లిక్కుతో వచ్చేస్తాయట. నిజమే, క్లిక్కు ఒక్కటే. ఆ తర్వాత రాత్రంతా కూర్చుని చేసేది కంపెనీ లెక్కలోకి రాదు.

2001లో పాటల సాఫ్ట్‌వేర్ ఐట్యూన్స్ వచ్చిన దగ్గర్నుంచీ వరస ఇదే. పాటలు ఫోల్డర్లో ఉంటాయి. ఏ పాట ఎక్కడుంది, ఎన్నిసార్లు విన్నారు, దేనికి ఎన్ని నక్షత్రాలిచ్చారు అన్న భోగట్టా అంతా వేరే ఫైల్లో ఉంటుంది. విండోస్‌లో అయితే డ్రైవ్ అక్షరంతో సహా రాసుకుంటుంది. నిన్న ‘ఇ’గా ఉన్న హార్డ్ డిస్క్ ఇవాళ ‘ఎఫ్’ అయిందా, ఇంక అంతే. అదే డిస్కు, అవే పాటలు. అయినా ఏది నొక్కితే దాని పక్కన ఆశ్చర్యార్థకం పుట్టుకొస్తుంది. పాట దొరకలేదు, ఎక్కడుందో మీరే చూపిస్తారా అని మర్యాదగా అడుగుతుంది. పాటలు వెతికిపెడుతుందని కదా దాన్ని పెట్టుకున్నది!

"ఓస్, ఇంతేనా! మ్యూజిక్ ఫోల్డర్ కాపీ కొట్టెయ్యండి" అనే నిపుణులు వీధికొకరున్నారు. కొడతాం. పాటలొస్తాయి, ప్లేలిస్టులు రావు. ఆ భోగట్టా ఫైలొక్కటే తెచ్చుకున్నవాళ్ళది ఇంకో వైభోగం: శుభలేఖల జాబితా చేతిలో ఉంది, పెళ్ళికి ఒక్కరూ రాలేదు. దీనికి మందు లేకపోలేదు. చెల్లాచెదురుగా ఉన్నవన్నీ ఒక్క ఫోల్డర్లోకి చేర్చి, ఆ ఫోల్డర్ని ఉన్నదున్నట్టు మోసుకుపోవాలి. ఆ చేర్చే మీట ఫైల్ మెనూలో లైబ్రరీ, అందులో ఆర్గనైజ్ లైబ్రరీ, అందులో కన్సాలిడేట్ ఫైల్స్. అంత లోపల దాచడం చూస్తే మన క్షేమం కోరేవాళ్ళే దాచారనిపిస్తుంది.

కంప్యూటర్ పోయినా పాత ఐపాడ్ మిగిలినవాళ్ళు అదృష్టవంతులు. పాటలన్నీ అందులోనే ఉంటాయి, దాచిన ఫోల్డర్లో, నాలుగేసి అక్షరాల పిచ్చి పేర్లతో. వాటిని ‘రికవర్’ చేస్తామని డబ్బు గుంజే సాఫ్ట్‌వేర్లు బోలెడు. దాచిన ఫోల్డర్లు కనబడేలా పెట్టుకుంటే చాలు, కాపీ అవుతాయి. అసలు పేర్లు ఫైలు లోపలి ట్యాగుల్లో భద్రం.

అయితే మన తెలుగు ఎంపీత్రీల ట్యాగుల సంగతి తెలిసిందేగా. గాయకుడి పేరుండాల్సిన చోట దించుకున్న వెబ్‌సైటు పేరుంటుంది. 1974లో కన్నుమూసిన ఘంటసాలా, నిన్నగాక మొన్న వచ్చిన కుర్ర గాయకుడూ ఒకే డాట్‌కామ్ గొంతులో పాడుతుంటారు. సంగీత దర్శకుడు పెండ్యాల ఎక్కడా కనబడడు. ‘ట్రాక్ 01’లు మాత్రం కావలసినన్ని.

ఈ బాధలన్నీ ఎందుకు, క్లౌడ్‌లో పెట్టెయ్యండి అంటారు. గూగుల్ ప్లే మ్యూజిక్‌లో పెట్టినవాళ్ళు 2020లో అది మూతపడగానే మళ్ళీ మూటాముల్లే సర్దుకున్నారు. మైస్పేస్ సైటు ఆ శ్రమ కూడా పెట్టలేదు. 2003 నుంచి 2015 దాకా జనం ఎక్కించిన పాటలు సర్వర్లు మార్చేటప్పుడు పోయాయని 2019లో తేలింది. కోట్ల కొద్దీ పాటలు! అంత పెద్ద కంపెనీకీ సామాను మార్చడం చేతకాలేదంటే మనకి కాస్త ధైర్యంగానే ఉంటుంది. ఆ తర్వాత ఓ 4,90,000 పాటలు బయటపడ్డాయి. కంపెనీ బ్యాకప్ నుంచి కాదు, ఎవరో పరిశోధకులు ముందెప్పుడో దించి పెట్టుకున్న కాపీలోంచి. అడక్కుండా దించుకున్నారని వాళ్ళమీద కేసు వెయ్యమనేవాళ్ళు కూడా ఉండే ఉంటారు.