సేవ్ మాహాత్మ్యం

బేస్‌బాల్ చరిత్రలో ఆట మధ్యలో దిగి బంతులు వేసే రిలీఫ్ పిచర్లందరిలోకీ గొప్పవాడెవడు? అమెరికాలో ఈ రచ్చ మొదలైతే ఆట సంగతి ఎవరికీ పట్టదు, చిట్టాపద్దులే దిక్కు. ‘మారియానో రివేరా, 652 సేవ్‌లు!’ అని ఒకడు, ‘ట్రెవర్ హాఫ్‌మన్, 601!’ అని ఇంకొకడు.

జట్టు ఆధిక్యాన్ని నిలబెట్టి ఆట ముగించిన రిలీఫ్ పిచర్‌కు దక్కేది సేవ్; షికాగో విలేకరి జెరోమ్ హోల్ట్‌జ్‌మన్ 1960 ప్రాంతంలో కట్టిన లెక్క ఇది. రిలీఫ్ పిచర్ల కష్టానికి గుర్తింపు దక్కాలన్నది పెద్దాయన సదుద్దేశం. 1969లో అధికారిక ముద్ర పడింది. అప్పట్నుంచీ ఆటే లెక్కకు ఊడిగం చేస్తోంది.

నిబంధన ఔదార్యం చూడండి. మూడు పరుగుల ఆధిక్యంతో చివరి ఇన్నింగ్స్‌కి వచ్చి, రెండు పరుగులిచ్చేసి గట్టెక్కినా సేవే. ఎనిమిదో ఇన్నింగ్స్‌లో బేస్‌లన్నీ నిండి ఉండగా వచ్చి, ఒక్క పరుగూ పోకుండా ఆపి పక్కకు తప్పుకున్నవాడికి సున్నా. సొమ్మొకడిది, సోకొకడిది! 2007లో క్లీవ్‌లాండ్ ముగింపు వీరుడు జో బొరౌస్కీ సగటున తొమ్మిది ఇన్నింగ్స్‌కి ఐదు పరుగులకు పైగా సమర్పించుకుంటూనే 45 సేవ్‌లతో అమెరికన్ లీగ్‌లో అగ్రస్థానం ఎక్కాడు.

అదే ఏడు ఆగస్టులో టెక్సాస్ రేంజర్స్ బాల్టిమోర్‌ను 30-3తో చితకబాదింది. చివరి మూడు ఇన్నింగ్స్ వేసిన వెస్ లిటిల్‌టన్‌కు సేవ్ రాశారు. మూడు ఇన్నింగ్స్ వేసి ఆట ముగిస్తే చాలు, ఆధిక్యం ఎంతున్నా పరవాలేదట. అతను బంతి అందుకునేసరికే స్కోరు 14-3. చచ్చిన పామును చంపినందుకు వీరతాడు!

2016లో అదే బాల్టిమోర్‌ది ఇంకో విడ్డూరం. ఆ జట్టు ముగింపు పిచర్ జాక్ బ్రిటన్ 47 అవకాశాల్లో 47 సేవ్‌లు సాధించిన ఏడాది అది. టొరంటోలో ఓడితే ఇంటికే అన్న ప్లేఆఫ్ ఆట, స్కోరు సమం. ఆధిక్యమే లేనిచోట సేవ్ ఎక్కణ్నుంచి వస్తుంది? మేనేజర్ బక్ షోవాల్టర్ అతణ్ని బుల్‌పెన్‌లోనే కూర్చోబెట్టాడు. పదకొండో ఇన్నింగ్స్‌లో టొరంటో బ్యాటర్ ఎన్‌కార్నాసియన్ హోమ్‌రన్‌తో కథ ముగిసింది. బ్రిటన్ ఒక్క బంతీ వేయలేదు. 47కి 47 మాత్రం చెక్కుచెదరలేదు.

గొప్పవాడు రివేరానే, సందేహం లేదు. సాక్ష్యం ఆ 652 కాదు. ప్లేఆఫ్ ఒత్తిడిలో 141 ఇన్నింగ్స్ వేసి, తొమ్మిదింటికి సగటున 0.70 పరుగులే ఇచ్చాడు. ఆయుధం దాదాపు ఒక్కటే, కట్టర్. చివరిక్షణంలో పక్కకు జరిగే ఆ బంతికి ఎడమచేతి బ్యాటర్ల బ్యాట్లు పిడి దగ్గరే విరిగేవి. అది చూడకుండా సేవ్‌లు లెక్కపెట్టి పొగిడేవాళ్లకు ఒక్క మనవి: ఆ కొలబద్ద మీద ఆ ఒక్క సేవ్‌తోనే లిటిల్‌టన్ కూడా రివేరాలో 652వ వంతు వీరుడే!